గోనెతెర వెనక చైనా

బాలకిషన్ సేటూ, ముందు నీతోనే మాట. రంగీన్‌బాగ్‌లో ఇంగ్లాండు కొట్టు ఎందుకు మూతపడిందో నీకు తెలుసు. తెలిసే, జనం రుచి మారిందని పదిమందికీ చెప్పుకున్నావు. కట్లెట్లూ సూపులూ పాతబడ్డాయి, ఇప్పుడంతా చైనా గాలి అన్నావు. నువ్వొక్కడివే కాదు. కౌంటరు దాకా వచ్చి, వేగుతున్న వాసనకు నోరూరి, వండుతున్నామె మొహం చూడగానే పక్క కొట్టుకు జరిగిపోయిన వాళ్ళందరికీ ఆ అబద్ధంలో వాటా ఉంది. నెపం రుచి మీద పెట్టకండి. నాలుకకు అంత పాపం తెలియదు.

జరిగింది ఇది.

మీరాలం చెరువు దారిలో బాలకిషన్ రంగీన్‌బాగ్ పెట్టాక అది రెండో చలికాలం, ఎనభై రెండో సంవత్సరం. జెయింట్ వీల్, చెక్కగుర్రాల రంగులరాట్నం, మోటారు సైకిలు గోడ మీద తిరిగే మౌత్ కా కువా, వాటి వెనక వరసగా మూడు రేకుల కొట్లు. మూడింటి మీదా ఒకే పొడుగాటి బోర్డు: 'దేశదేశాల విందు'. అరేబియా, చైనా, ఇంగ్లాండు. గేటు దగ్గర కూపన్లు కొనుక్కుని ఏ దేశం కావాలంటే ఆ దేశం తినొచ్చు.

దేశానికి తగిన మనిషిని వెతకడంలో బాలకిషన్ చాలా తెలివి చూపించాడు. అరేబియాలో అజ్మత్ అలీని నిలబెట్టి తలకు గళ్ళగుడ్డ, దాని మీద నల్లతాడు చుట్టించాడు. అజ్మత్ అలీ ఉస్మాన్‌గంజ్ దాటి ఎరగడు. కువైట్ నుంచి సెలవు మీద వచ్చినవాళ్ళు అరబ్బీలో ఏదన్నా అడిగితే, తనకు వచ్చిన ఒకే ఒక్క అరబ్బీ మాట "మాఫీ", లేదు, అనేవాడు. వాళ్ళు నవ్వుకుని సీక్ కబాబులు తిని పోయేవాళ్ళు. చైనా కోసం కట్టెల అడితిలో కావలి ఉండే గూర్ఖా థాపాను పట్టుకొచ్చి పట్టుగౌను, గుండ్రటి టోపీ తొడిగాడు. థాపాకు టీ కాచడం కూడా రాదు. ఖాళీ కడాయిలో జార గరిటెతో టంగు టంగున కొడుతూ నిలబడడమే అతని పని. అసలు వంట అతని వీపు వెనక, గోనెసంచులు కుట్టిన తెర అవతల, యాకుత్‌పురా అక్తరున్నీసా చేసేది. ఆమె పరదా పాటించే మనిషి. తెర ఉంటేనే వస్తానంది. బాలకిషన్‌కు అదే కావాలి.

ఇంగ్లాండుకు రాహేలును పెట్టాడు. కారణం, ఆమె కిరస్తానీ.

"ఇంగ్లీషు వంట నీకు పుట్టుకతోనే వస్తది గదా?" అని అడిగాడు పనిలో పెట్టుకునేప్పుడు.

"మా ఇంట్ల క్రిస్మస్‌కు గారెలు, మాంసంకూర సేటూ," అంది రాహేలు. "కట్లెట్ మాత్రం హాస్టల్ వంటింట్ల నేర్చుకున్న."

"గదే ఇంగ్లాండు," అన్నాడు.

తెల్ల టోపీ, తెల్ల ఏప్రన్ ఇచ్చాడు. ఏడాది పాటు రాహేలు వాటిని ఏ రాత్రికారాత్రి ఉతుక్కుని గంజిపెట్టి తెచ్చుకుంది.

శనివారం సాయంత్రం. జనం బాగానే వచ్చారు. రాహేలు ఉడికిన ఆలుగడ్డను పిడికిలితో మెదిపి, తురిమిన బీట్‌రూట్ కలిపి, ముద్దల్ని అరచేతుల మధ్య తట్టి, రొట్టెపొడిలో దొర్లించి పెనం మీద పరుస్తోంది. అంచులు ఎర్రబడగానే రేకుతో తిరగేస్తోంది. నూనె ఎక్కువ పీల్చకుండా మంట ఎక్కడ తగ్గించాలో చేతికి తెలిసిపోయింది. భార్యాభర్తలు వచ్చి ఆగారు. వెంట ఇద్దరు ఆడపిల్లలు.

"మస్తు వాసనొస్తున్నది. నాలుగియ్యి," అంది భార్య. కూపన్లు బల్ల మీద పెట్టింది.

రాహేలు నాలుగు ప్లేట్లు సర్దింది. టోపీ కింద ఆమె మొహాన్ని భర్త తేరిపార చూశాడు. భార్య చెవి దగ్గర వంగాడు. గుసగుసే, కానీ పెనం చప్పుడు తగ్గిన క్షణంలో అది రాహేలుకు వినబడింది.

"గీమె కార్వాన్ల మన గల్లీ ఊడుస్తడు సూడు బాబురావు, ఆయన పెండ్లాం."

భార్య చెయ్యి ప్లేటు మీద నుంచి వెనక్కి వచ్చింది. ప్లేటు కాలినట్టేమీ లేదు.

"పిల్లలకు ఆకలి లేదంటున్నరు," అంది ఎటో చూస్తూ. "సోడాలియ్యి, చాలు."

మూత ఉన్న సీసా మీద వాళ్ళకేం అభ్యంతరం లేదు. సోడాలు తాగేసి నలుగురూ చైనాకు జరిగారు. థాపా వాళ్ళను చూసి కడాయి మోగించాడు. తెర సందులోంచి నూడుల్సు ప్లేట్లు వచ్చాయి. నలుగురూ బల్ల మీద కూర్చుని, ఫోర్కు చేతగాక వేళ్ళతోనే చుట్టుకుని లొట్టలేస్తూ తిన్నారు. వండిందెవరని అడగలేదు. చైనావాడికి కులం ఉండదు కదా.

కట్లెట్లు చల్లారాయి. రాహేలు వాటిని జల్లెడ కింద మూసింది.

చీకటి పడేవేళ బాలకిషన్ వచ్చాడు. జల్లెడ ఎత్తి చూసి మళ్ళీ మూశాడు.

"రేపటి సంది ఇంగ్లాండు బంద్," అన్నాడు. "జనం రుచి మారింది రాహేలూ. నేనేం చేస్త? పోయినేడు నూడుల్స్ అంటే వానపాములని ఉరికిన్రు. ఇప్పుడు సూడు, లైన్ల నిలబడుతున్నరు. కట్లెట్ ఎవనికి గావాలె?"

"రుచి సూసినోళ్ళెవరు సేటూ, మారనీకి?"

ఆయన పంపు వైపు చెయ్యి చూపించాడు. "ప్లేట్లు కడిగే కాడ మనిషి తక్కువున్నడు. ఆడికి పో."

రాహేలు ఏప్రన్‌కు చేతులు తుడుచుకుంది. చైనా కొట్టు ముందు లైను రంగులరాట్నం దాకా పోయింది. తెర వెనక నుంచి అక్తరున్నీసా దగ్గు వినబడుతోంది.

"అక్తర్ ఆపా ఒక్కతే ఎన్ని ప్లేట్లని తీస్తది? రెండో పొయ్యి పెట్టు. నేను చేస్త," అంది. "ప్లేట్లు కడిగే పనికి నన్ను తోలకు సేటూ. పొద్దున కార్వాన్ల ఇండ్లల్ల గిన్నెలు తోముతున్న. గీడ గూడ గదేనా? పొయ్యి కాడికి అచ్చేటాల్లకు నాకు నడుములు వడ్డయి. నా పొయ్యి నాకు కావాలె."

బాలకిషన్ లైను వైపు చూశాడు, తర్వాత ఆమె మొహం వైపు. లెక్కేదో కుదిరింది.

"సరే. కానీ తెర లోపలనే. నీ మొహం బయట కనవడొద్దు. టోపీ గీడ పెట్టిపో."

టోపీ, ఏప్రన్ బల్ల మీద మడిచి పెట్టింది. ముందు నిలబడే చోటు పోయింది, పొయ్యి మిగిలింది. అది చాలనుకుంది.

ఆదివారం తెర లోపలికి వెళ్ళేసరికి అక్తరున్నీసా నూడుల్సు ఉడికిస్తోంది. ఆ నూడుల్సు ఏ దేశం నుంచీ రాలేదు. యాకుత్‌పురాలో ఆమె ఇంటి మిద్దె మీద పుట్టాయి. రంజాను ముందు సేవియాలు తీసే ఇత్తడి మిషన్ను మంచం కోడుకు బిగించి, మైదాలో గుడ్డు కలిపిన ముద్దను అందులో కుక్కి, మర తిప్పుతూ తీగలు తీసి తాళ్ళ మీద ఆరేస్తుంది. సేవియాలకైతే సన్న బిళ్ళ, చైనాకు లావు బిళ్ళ. తేడా అంతే.

"రా రా, ఇంగ్లాండ్ రాణీ," అంది అక్తరున్నీసా, బుట్టలో నీళ్ళు వార్చుతూ. "తఖ్త్ పోయిందా?"

"గద్దెనే గాదు ఆపా, టోపీ గూడ పాయె."

"ఫికర్ మత్ కర్. ఈడ చైనా బాద్షా లెక్క ఉంటవ్. సూసేటోడుండడు, పొగిడేటోడుండడు. పొగొక్కటే, కడుపునిండ."

కిరసనాయిలు పొయ్యిలు రెండూ పంపు కొడితే గుయ్యిమని లేచాయి. తెర లోపల గాలి ఆడదు. రాహేలు క్యాబేజీ సన్నగా తరిగి, ఉల్లికాడలు ఏరి, కడాయిలో నూనె పొగలొచ్చేదాకా కాగనిచ్చి వెల్లుల్లి వేసింది. నల్లని సోయా నీళ్ళు ఎంత పోయాలో, నూడుల్సు తెగకుండా జార ఎట్లా తిప్పాలో అక్తరున్నీసా మోచేత్తో చూపించింది. నాలుగో వాయికి రాహేలు చెయ్యి కుదిరింది. ఇద్దరూ ఒకరి చెమట ఒకరికి అంటుకునే ఇరుకులో వీపులు ఆనించి నిలబడ్డారు. ఒకరు వేయిస్తే ఒకరు వడ్డించారు.

"థాపా భాయ్, ఆ కడాయి కొట్టుడు బంద్ చెయ్యరాదూ, తల వగులుతున్నది," అని అరిచింది అక్తరున్నీసా.

"నేను కొట్టకుంటే ఈళ్ళు నన్ను గూర్ఖా అని గుర్తు పడతరు ఆపా," అన్నాడు థాపా తెర అవతల నుంచి. "పొద్దున ఒకాయన, నీ దేశంల కుక్కని తింటరంట గదా అని అడిగిండు. నాకు కోపమొచ్చింది. మాది దార్జిలింగ్ తోవ, మేం పప్పన్నం తింటమని చెప్పబోయి నాలుక కరుసుకున్న."

నవ్వుతూనే రాహేలు ఆగిపోయింది. తెర అవతల ఒక గొంతు.

"ఓ చైనా అన్నా! మొన్నటి లెక్క చప్పగియ్యకు. పచ్చిమిర్చి దండిగ వెయ్యమని లోపల చెప్పు."

కృష్ణమ్మ. ఉస్మాన్‌గంజ్‌లో పప్పుల కొట్టున్న వైకుంఠం భార్య. కార్వాన్‌లో రాహేలు రోజూ పొద్దున గిన్నెలు తోమే ఇల్లు వాళ్ళదే. వాకిట్లో పంపు దగ్గర తోమి బోర్లించాలి. లోపలికి మాత్రం తీసుకుపోకూడదు. కృష్ణమ్మ చెంబుతో వాటి మీద నీళ్ళు పోసి, అప్పుడు ముట్టుకుంటుంది. రాహేలు తాగే గ్లాసు కిటికీ బయట చువ్వకు తగిలించి ఉంటుంది.

రాహేలు మిరపకాయలు చీల్చి కడాయిలో వేసింది. ఘాటుకు తనకే తుమ్మొచ్చింది. ప్లేటు తెర సందులోంచి బయటికి పోయింది. ఆమె చెవి తెరకు ఆనించింది. ముందు ఫోర్కు గీరిన చప్పుడు, తర్వాత స్స్ అని మిర్చికి ఊపిరి పీల్చిన చప్పుడు.

"గిది! గిదీ మజా అంటే," అంది కృష్ణమ్మ, నోరు నిండా పెట్టుకుని. "ఇయ్యాల చెయ్యి మారినట్టున్నదే. ఇంకో ప్లేటియ్యి."

"ఏమైంది?" అంది అక్తరున్నీసా.

"ఏం లే," అంది రాహేలు. ఆ ఇంటి మనిషి తన చేతిది తినడం ఆమె అంతకు ముందు ఎన్నడూ వినలేదు. చూడనైతే ఇప్పుడూ లేదు. రెండో ప్లేటుకు ఉల్లికాడలు కొంచెం ఎక్కువే పడ్డాయి.

మంగళవారం రంగీన్‌బాగ్‌లో జనానా రోజు. వారానికి ఒక్క నాడు మగవాళ్ళకు ప్రవేశం లేదు. గేటు దగ్గర ఆడవాళ్ళు, రాట్నం తిప్పేది ఆడవాళ్ళు, కూపన్లు చింపేది నీలమ్మ. థాపాకూ అజ్మత్ అలీకీ సెలవు. బాలకిషన్ కూడా గేటు బయట కుర్చీ వేసుకుని కూర్చోవలసిందే. యాకుత్‌పురా, శాలిబండ, కార్వాన్ నుంచి రిక్షాలు దిగేవి. గేటు దాటగానే బురఖాలు మడతలై సంచుల్లోకి పోయేవి. కొప్పులూ గాజులూ నవ్వులూ బయటపడేవి. జెయింట్ వీల్ మీద కేకలు చెరువు దాకా వినబడేవి.

మధ్యాహ్నం దాటాక తెర లోపల ఉడుకు భరించలేనంతైంది. అక్తరున్నీసా దుపట్టా తీసి నడుముకు చుట్టుకుంది.

"ఇయ్యాల మగపురుగు లేదు గదా," అంది. "నేనెవరికి పరదా చెయ్యాలె, జెయింట్ వీల్‌కా? తీసెయ్ ఈ బొంత."

రాహేలు చెయ్యి తాడు మీద పెట్టి ఆగింది. "సేటు నా మొహం కనవడొద్దన్నడు ఆపా."

"సేటు బయటున్నడు. ఊపిరి లోపలుండాలె గదా."

రాహేలు ముడి విప్పింది. గోనెతెర బస్తాలాగా కింద కూలింది. వెలుతురూ గాలీ ఒక్కసారి లోపలికొచ్చాయి. లైనులో ముందున్న ఖైసర్ బేగం ప్లేటు అందుకోబోయి నోరు తెరిచింది. యాకుత్‌పురా స్టేషను పక్క గల్లీలో అక్తరున్నీసా ఇంటికి నాలుగో ఇల్లు ఆమెది.

"యా అల్లా! అక్తర్ ఆపా, నువ్వా చైనా?"

"నేనే. కళ్ళు చిన్నగ అయినయా సూడు!"

"అరే, పోయిన నెలంతా నేను తినకుంట ఊరికే సూసుకుంట పోయిన గదనే! ఏం మాంసమో, ఎవడు కోసిండో, కుక్కో పామో అని. నీ చేతిదని ముందే చెప్పొద్దా? మిద్దె మీద ఆరేసిన గా లావు సేవియాలు గివేనా?"

"గివే. పాలు పోసి షీర్‌ఖుర్మా చెయ్యమంటవా?"

నవ్వులు లైను పొడుగునా పాకాయి. చైనా వండేది మన అక్తర్ ఆపానట అన్న మాట రాట్నం దగ్గరికి, అక్కణ్ణుంచి ఊయలల దగ్గరికి పోయింది. అప్పటిదాకా ఇళ్ళ నుంచి టిఫిన్ క్యారేజీల్లో బగారన్నం తెచ్చుకుని గడ్డి మీద తింటున్నవాళ్ళు లేచి వచ్చారు. ప్లేటు నూడుల్సు తీసుకుపోయి బగారన్నంలో కలుపుకున్న వాళ్ళున్నారు. వంకాయ బగారా తెచ్చి దాని మీద పోసుకున్న వాళ్ళున్నారు. నిమ్మకాయ అడిగారు. ఖైసర్ బేగం మూడు సార్లు వచ్చింది. పరాయి దేశమంటే బాలకిషన్ మోజు అనుకున్నాడు. ఆ ఆడవాళ్ళకు అది అనుమానం. తెలిసిన చెయ్యి కనబడగానే అనుమానం పోయింది.

ఆ హడావుడిలో రాహేలు తల ఎత్తలేదు. రెండు కడాయిలూ తనే చూస్తోంది. చెమట కళ్ళలోకి దిగితే భుజంతో తుడుచుకుని ఎదురుగా చూసింది. పక్క బల్ల దగ్గర, సగం తిన్న ప్లేటు చేత్తో పట్టుకుని, కృష్ణమ్మ నిలబడి ఉంది.

ఎంతసేపట్నుంచి చూస్తోందో తెలియదు. ఆమె బుగ్గలో ముద్ద ఉంది. నమలడం ఆగింది. రాహేలు చేతిలో జార ఆగింది. ఉమ్మేస్తుందా, ప్లేటు విసిరేస్తుందా, అందరూ వినేట్టు అరుస్తుందా? కడాయి అడుగున నూడుల్సు అంటుకుంటున్న వాసన వచ్చింది.

కృష్ణమ్మ మొహం జెయింట్ వీల్ వైపు తిప్పుకుంది. బుగ్గలో ముద్ద మెల్లగా నమిలి మింగింది. ప్లేటులో మిగిలింది కూడా, చక్రం మీద నుంచి చూపు దించకుండా, వేళ్ళతో ఊడ్చి తినేసింది. ప్లేటు బల్ల మీద పెట్టి కొంగుతో మూతి తుడుచుకుని పోయింది.

"రాహేలూ, మాడుతున్నది!" అని అరిచింది అక్తరున్నీసా.

బుధవారం పొద్దున కార్వాన్‌లో రాహేలు ఎప్పటిలాగే పంపు దగ్గర కూర్చుంది. బూడిద, కొబ్బరిపీచు, ఇత్తడి చెంబులు. ఇప్పుడంటుంది, ఇప్పుడంటుంది అని వీపంతా చెవి చేసుకుని తోమింది. కృష్ణమ్మ వచ్చింది. గిన్నెల మీద నీళ్ళు పోసింది. తీసుకుని లోపలికి పోయింది. ఒక్క మాట లేదు. మాట లేకపోవడం ఎక్కువ భయపెట్టింది.

సాయంత్రం రంగీన్‌బాగ్‌లో తెర మళ్ళీ కట్టి ఉంది. దాని ముందు బాలకిషన్ ఉన్నాడు.

"తెర తీసింది నువ్వేనట గదా. నీలమ్మ చెప్పింది. ఆపా మొహం సూస్తే నాకు మంచిదే. హలాల్ అని నమ్ముతరు, ముస్లిం ఇండ్లోళ్ళు ఇంక ఎక్కువస్తరు. కానీ నీ సంగతి వేరే. కంప్లైంట్ వచ్చింది."

"ఎవరు చెప్పిన్రు?"

"పెద్దింటోళ్ళు. సేట్లింట్ల ఆడోళ్ళు. చైనా అని చెప్పి ఎవ్వలతోటి తినవెడుతున్నవని అడిగిన్రు. నా దుకాణం మునుగుతది. పో, ప్లేట్లు కడుగు."

రాహేలు కదల్లేదు. "నేను కడిగిన ప్లేట్ల తింటరు గానీ, నేను వండింది తినరా సేటూ?"

"కడుగుడు వేరే, వండుడు వేరే. నాకు న్యాయం చెప్పకు," అన్నాడు బాలకిషన్.

తెర వెనక అక్తరున్నీసా జార చప్పుడు ఆగింది. కాసేపటికి జార మళ్ళీ కదిలింది. ఆ చప్పుడు రాహేలుకు బాలకిషన్ మాటకన్నా ఎక్కువ తగిలింది. పంపు దగ్గరికి పోయి కూర్చుంది. ప్లేట్లు వస్తూనే ఉన్నాయి, అంచులకు ఎర్రని నూనె, తిని మిగిల్చిన మిరప తొడిమలు. వైకుంఠం లైనులో నిలబడి పొట్లం కట్టించుకుపోవడం చూసింది. మొగుణ్ణి పంపించి తను ఇంట్లో కూర్చుంది కృష్ణమ్మ, నా నోటికాడి కూడు కొట్టి, అనుకుంది. ఇంటికి పోయి అన్నం తినలేదు. బాబురావు అడిగితే తలనొప్పి అంది.

గురువారం పొద్దున గిన్నెలు తోమడం అయ్యాక బోర్లించకుండా లేచి నిలబడింది. కృష్ణమ్మ చెంబుతో వచ్చి ఆగింది.

"అమ్మా, ఒక్క మాట. నా మీద సేటుకు చెప్పిన్రు. నా పొయ్యి తీసేయించిన్రు. నేను మీకేం జేసిన?"

కృష్ణమ్మ గడప లోపలికి తొంగి చూసింది. లోపల వైకుంఠం పూజ గంట వినబడుతోంది. ఆమె మెట్టు దిగి దగ్గరికొచ్చింది. మరీ దగ్గరికి కాదు.

"మెల్లగ మాట్లాడవే. నేనెందుకు చెప్త?"

"మంగళారం మీరు నన్ను సూసిన్రు."

"సూసిన. సూసి చెప్తే ఏమైతది? రెండు నెలల సంది నేను ఆడ తిన్నది ఎవరెవరి చేతిదో ఊరందరికీ తెలుస్తది. మా అత్త నన్ను వంటింట్లకి రానిస్తదా? తురకామె చేసింది, దానెనక నువ్వు చేసింది. నేను చెప్పుకుంట తిరుగుతనా, పిచ్చిదాన్నా?"

"మరెవరు చెప్పిన్రమ్మా?"

"మంగళారం నాతోటి వచ్చిన ఆడోళ్ళు నలుగురు. అందరూ సూసిన్రు. తోవల రిక్షాల ఒక్కతంటే ఒక్కతి నోరు తెరవలే. తెరుస్తే ముందు తెరిచినదే చెడుతది." చెంబు వంచి గిన్నెల మీద నీళ్ళు పోయడం మొదలుపెట్టింది, రోజూ పోసినట్టే, ఒక్కో గిన్నె మీదా. నీళ్ళు రాహేలు కాళ్ళ మీద చిందాయి. తల ఎత్తకుండానే గొంతు ఇంకా తగ్గించింది. "నిన్న మా ఆయన పొట్లం తెచ్చిండు. చప్పగున్నది. నువ్వు లేవని అప్పుడే అనుకున్న."

గిన్నెలు తీసుకుని లోపలికి పోయింది. కిటికీ చువ్వకు గ్లాసు వేలాడుతోంది. రాహేలు నీళ్ళు తాగకుండానే వచ్చేసింది.

ఎవరూ చెప్పలేదు. ఫిర్యాదే రాలేదు. ఆ సంగతి నడుస్తూ నడుస్తూ ఆమెలో పూర్తిగా దిగేసరికి పురానాపూల్ దాటింది.

సాయంత్రం ఆమె పంపు దగ్గర కూర్చోలేదు. నేరుగా చైనా కొట్టు ముందుకు పోయింది. లైను పెద్దగా ఉంది. బాలకిషన్ పక్కనే నిలబడి కూపన్లు తీసుకుంటున్నాడు.

"సేటూ, కంప్లైంట్ ఇచ్చినోళ్ళ పేరు చెప్పు," అంది గట్టిగా.

"పని టైముల ఏందీ లొల్లి? పో!"

"పోను. పేరు చెప్పు. పెద్దింటోళ్ళన్నవు గదా, ఏ ఇల్లు? నేను పోయి అడుగుత. నా చేతిది తిన్నోళ్ళు నా ఎదురుంగ వచ్చి, కక్కినమని చెప్పమను."

లైనులో ఉన్నవాళ్ళు ఇటు తిరిగారు. థాపా కడాయి మోగించడం మానేశాడు. అరేబియాలోంచి అజ్మత్ అలీ తలగుడ్డ సర్దుకుంటూ మెడ చాచాడు.

బాలకిషన్ గొంతు తగ్గించాడు. "పేర్లెందుకిప్పుడు? ఇయ్యాల కాకుంటే రేపు చెప్తరు."

"అంటే చెప్పలే?"

"చెప్పినంక ఏం లాభం? చెప్పకముందే సూసుకోవాలె గదా. యాపారం నాది."

"అంటే ఎవ్వలూ చెప్పలే. కుళ్ళింది నీ కడుపుల, పేరు జనానిది. ఇంగ్లాండు మూసినప్పుడు గూడ గిట్లనేనా సేటూ? రుచి మారిందంటివి?"

ఆయన చేతిలో కూపన్లు లెక్కపెట్టసాగాడు. లైనులోంచి ఎవరో, "అరే, మా ప్లేట్లేవి?" అన్నారు. అప్పుడు తెర లోపల బుస్సుమని ఒక చప్పుడైంది. పొయ్యిలోంచి గాలి వదిలితే వచ్చే చప్పుడు. గుయ్యిమనే మంట దిగిపోయింది. తర్వాత రెండోది.

"సేట్ సాబ్," అంది అక్తరున్నీసా తెర అవతల నుంచి, నిదానంగా. "నిన్న నేను నోరు మూసుకున్న. రాత్రంతా నిద్ర రాలే. ఇంక నాతోని కాదు. రాహేలు వస్తే పొయ్యి ముట్టిస్త. లేకుంటే థాపా భాయ్‌ని వండమను, చైనాయన గదా."

లైను నవ్వింది. థాపా నవ్వలేదు. తల మీది టోపీ తీసి ఖాళీ కడాయిలో పెట్టాడు.

ఇంకా ఆ లైను అట్లాగే నిలబడి ఉంది. కూపన్లు బాలకిషన్ చేతిలో నలుగుతున్నాయి. రాహేలు బల్లకు చెయ్యి ఆనించి నిలబడి ఉంది, పొద్దున కృష్ణమ్మ నీళ్ళు చిందిన పాదాలతో.

బాలకిషన్ సేటూ, రేపు చూద్దామనకు. ఆలోచిస్తాననకు. ఆ బల్ల ఎత్తి ఆమెను లోపలికి రానివ్వు. ఆపాకు పరదా కావాలంటే ఆమె పొయ్యికి కట్టు. రాహేలు పొయ్యి మాత్రం ముందుకు జరుపు, అందరికీ మొహం కనబడేట్టు. మూసిన ఇంగ్లాండు తలుపు తెరువు. వండేవాళ్ళ పేర్లు బోర్డు మీద దేశాల పేర్లకన్నా పెద్ద అక్షరాలతో రాయించు. లైనులో ఉన్నవాళ్ళారా, మీరు ఆ పేర్లు చదివి, వినబడేట్టు పలికి, అప్పుడు తినండి. జెయింట్ వీల్ వైపు చూడకుండా తినండి. రాహేలు పొయ్యి రాహేలుకు ఇవ్వాలి. ఇప్పుడే, ఈ లైను కదలకముందే.